కోసి తీసిన ముక్కను పారేయవద్దు



ఆపరేషన్ థియేటర్ తలుపు బయట మేము ఎన్నోసార్లు విన్న మాట ఒకటుంది. "సిస్టరమ్మా, నొప్పి పెట్టేదాన్ని తీసేశారు గదా, ఇంక ఆ ముక్కకు మళ్లీ పరీక్షేంది? మళ్లీ డబ్బులు కట్టేదేంది?" అలా అడిగేవారిని మేము ఎన్నడూ తప్పు పట్టలేదు. బోరు ఎండిపోయిన ఏడాది, మిరప చేను చేతికి రాని ఏడాది, వడ్డీకి తెచ్చిన డబ్బుతో ఆపరేషన్ చేయించుకున్నవారికి ప్రతి వంద రూపాయలూ లెక్కే. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు పల్లెలనుంచి వచ్చేవారి కష్టం మాకు తెలియనిది కాదు.

అయినా ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాము. శరీరంలోనుంచి కోసి తీసిన ముక్క ఏదైనా సరే, చిన్నదైనా సరే, దాన్ని సరైన పేరు రాసి ల్యాబ్‌కు పంపాలి. ఆ ఖర్చును ఆపరేషన్ ఖర్చులోనే కలపాలి. "పంపమంటారా, వద్దంటారా" అని అలసిపోయి కూర్చున్న బంధువులను అడిగే పద్ధతే ఉండకూడదు. ఇది మా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి చాలామంది పేరు కూడా వినని ఒక జబ్బును ఉదాహరణగా తీసుకుంటాము.

పేరు విని మెదడు జబ్బు అనుకున్నారు

2006లో వచ్చిన మహేశ్‌బాబు "సైనికుడు" సినిమా చూసినవారికి అందులో ప్రతినాయకుడుగా వేసిన ఇర్ఫాన్ ఖాన్ గుర్తుండే ఉంటారు. 2018 మార్చిలో ఆయన తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ వచ్చిందని ప్రకటించారు. "న్యూరో" అన్న మాట విని అది మెదడులో గడ్డ అని చాలామంది అనుకున్నారు. న్యూరో అంటే ప్రతిసారీ మెదడు కాదని ఆయనే చెప్పవలసి వచ్చింది. 2020 ఏప్రిల్ 29న ముంబయిలో 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఈ గడ్డ శరీరంలో చాలాచోట్ల రావచ్చు. ఎక్కువగా వచ్చేది పేగుల్లో, క్లోమంలో, ఊపిరితిత్తుల్లో. మన పేగుల లోపలి పొరలో అక్కడక్కడ విత్తనాలు చల్లినట్లు కొన్ని ప్రత్యేక కణాలు ఉంటాయి. ఇవి హార్మోన్లను తయారుచేసి చిన్న చిన్న పొట్లాలుగా తమలో దాచుకుంటాయి. అన్నం వచ్చి పేగును తాకినప్పుడు, పేగు సాగినప్పుడు ఆ పొట్లాలు విప్పుతాయి. దాంతో పేగు కదులుతుంది, నీరు ఊరుతుంది. ఆ హార్మోన్లలో ముఖ్యమైనది సెరటోనిన్. మన ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో నూటికి 90 పాళ్లు పేగుల్లోనే ఉంటుంది.

ఆ కణాలే హద్దు మీరి పెరిగితే ఈ గడ్డ అవుతుంది. గడ్డ అయిన తరువాత కూడా అవి తమ పాత పని మానవు. వేళాపాళా లేకుండా హార్మోన్‌ను వదులుతూనే ఉంటాయి. గడ్డ పేగులోనే ఉన్నంతకాలం ఆ హార్మోన్‌ను కాలేయం విరిచేస్తుంది గనుక రోగికి ఏమీ తెలియకపోవచ్చు. గడ్డ కాలేయానికి పాకినప్పుడు హార్మోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది. అప్పుడు ముఖానికీ మెడకూ ఉన్నట్టుండి వేడి ఆవిర్లు వస్తాయి. నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. కొందరికి పిల్లికూతలు, ఆయాసం వస్తాయి. కాలం గడిచేకొద్దీ గుండె కుడివైపు కవాటాలు గట్టిపడతాయి.

పుస్తకాల్లో "ముఖం ఎర్రబడుతుంది" అని రాసి ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కనబడకపోవచ్చు. రోగికి వేడి మాత్రమే తెలుస్తుంది. యాభై దగ్గరపడిన స్త్రీ ఆ మాట చెబితే "ముట్లు ఆగే వయసు గదా" అంటారు. విరేచనాలు చెబితే "నీళ్లు పడలేదు" అంటారు. ఆయాసం చెబితే ఆస్తమా అంటారు. ఆ మూడూ ఒకే మనిషిలో ఉన్నాయని ఎవరూ కలిపి చూడకపోతే ఏళ్ల తరబడి జబ్బు బయటపడదు.

ఇది అరుదైన జబ్బు అని మళ్లీ చెబుతున్నాము. మన ఓపీకి విరేచనాలతో వచ్చేవారిలో ఎక్కువమందికి కారణం నీళ్లు, తిండి, చేతుల శుభ్రత. ఎవరూ భయపడవద్దు. కాని అరుదైన జబ్బును పట్టుకోవడానికి ఎక్కువగా ఉపయోగపడేది ఆ కోసి తీసిన ముక్కే.

24 గంటల కడుపునొప్పి ఆపరేషన్

మన వైపు అపెండిసైటిస్‌ను "24 గంటల కడుపునొప్పి" అంటారు. ఆ ఆపరేషన్ గురించి వినని ఇల్లు లేదు. అపెండిక్స్ కొసన ఈ న్యూరోఎండోక్రైన్ గడ్డ ఒక్కోసారి శనగ గింజంత ఉంటుంది. సుమారు 300 అపెండిక్స్ ఆపరేషన్లకు ఒకదానిలో ఇది బయటపడుతుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. సర్జన్‌గారి కంటికి అది వాచిన అపెండిక్స్ లాగానే కనబడుతుంది. మైక్రోస్కోపు కింద పెడితేనే తెలుస్తుంది.

ఒక సెంటీమీటరు కన్నా చిన్నదైతే చాలావరకు ఆ ఆపరేషన్‌తోనే సరిపోతుంది. అది కూడా కాగితం మీద రాసి ఉంటే రోగికి నిశ్చింత. రెండు సెంటీమీటర్లు దాటితే పేగులో మరికొంత భాగం తీయవలసి రావచ్చు. ముక్కను పారేస్తే ఈ రెండిటిలో ఏదీ తెలియదు. కొన్ని వందల రూపాయలో, వెయ్యి రూపాయలో మిగిలాయని ఇంటికి పోయినవారు, గడ్డ కాలేయానికి పాకిన తరువాత తిరిగి వస్తే దానికి లక్షలు అవుతాయి.

"నూటికి తొంభై తొమ్మిదిమందికి ఏమీ లేదని వచ్చే పరీక్షకు పేదవాళ్ల చేత డబ్బు కట్టించడం న్యాయమా" అని అడిగేవారూ ఉన్నారు. ఆ మాటలో నిజముంది. అందుకే ఆ ఖర్చును రోగి ముందు విడిగా పెట్టవద్దని మేము అంటున్నది. కుట్లు వేసే దారానికీ, మత్తు ఇంజెక్షన్‌కూ "వద్దు" అనే వీలు ఇస్తున్నామా? ఈ పరీక్ష కూడా ఆపరేషన్‌లో భాగమే.

ఒక రోగి ముక్క నేర్పిన పాఠాలు

ఈ గడ్డల గురించి ప్రపంచానికి తెలిసినదంతా ఇలా దాచిన ముక్కలనుంచే తెలిసింది. 1907లో జర్మనీలోని మ్యూనిక్‌లో సీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డార్ఫర్ అనే వైద్యుడు పేగుల్లో కనబడిన చిన్న గడ్డలను పరీక్షించి, క్యాన్సర్‌ను పోలినవే గాని అంత చెడ్డవి కావని "కార్సినాయిడ్" అని పేరు పెట్టారు. మరిన్ని ముక్కలు చూసిన తరువాత 1929లో, ఇవి ప్రాణం తీసేవిగా మారి పాకగలవని తన మాటను తానే దిద్దుకున్నారు. 1953లో ఫ్రెడ్ లెంబెక్ అనే శాస్త్రవేత్త ఒక కార్సినాయిడ్ గడ్డలో సెరటోనిన్ ఉన్నట్లు కనుగొన్నారు. ఆ తరువాత రోగికి ఆవిర్లు, విరేచనాలు ఎందుకు వస్తున్నాయో అర్థం కావడం మొదలైంది.

కాని గడ్డలో హార్మోన్ ఉందని తెలిస్తే చాలదు. అది ఎప్పుడు, దేనివల్ల బయటికి వస్తుందో తెలియాలి. దానికి ప్రాణంతో ఉన్న కణాలు కావాలి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం గాల్వెస్టన్‌లోని వైద్య విశ్వవిద్యాలయంలో, క్లోమంలో కార్సినాయిడ్ వచ్చిన ఒక రోగి లింఫ్ గ్రంథినుంచి తీసిన ముక్కలోని కణాలను గాజు పాత్రలో పెంచగలిగారు. ఆ సంగతిని 1991లో ప్రకటించారు. వాటికి "బాన్ కణాలు" అని పేరు. ఆ కణాలు రోగి ఒంట్లో చేసిన పనే పాత్రలోనూ చేశాయి. సెరటోనిన్‌ను, న్యూరోటెన్సిన్‌ను, క్రోమోగ్రానిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేశాయి.

పరీక్ష చేసే తీరు చెబితే తేలికగా అర్థమవుతుంది. కణాలు ఉన్న పళ్లెంలో పోషక ద్రవం పోస్తారు. ఒక మందునో, నరాలు వదిలే ఒక రసాయనాన్నో కలుపుతారు. కొంతసేపటికి ఆ ద్రవాన్ని తీసి, అందులోకి ఎంత హార్మోన్ వచ్చిందో కొలుస్తారు. ఏమీ కలపని పళ్లెంతో పోల్చి చూస్తారు. ఇలా చేసి చేసి, కణంలోపల కాల్షియం పెరిగినప్పుడు పొట్లాలు విచ్చుకుంటాయని తెలుసుకున్నారు. 2001లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంవారు మందు ఏదీ కలపకుండా పళ్లేన్ని గుండ్రంగా తిప్పి కదిలిస్తేనే బాన్ కణాలు సెరటోనిన్ వదులుతాయని చూపించారు. తాకిడి ఒక్కటే చాలునన్నమాట.

ఇది చదివినప్పుడు మాకు థియేటర్ గుర్తుకు వచ్చింది. ఇలాంటి గడ్డ ఉన్న రోగికి మత్తు ఇచ్చేటప్పుడు, గడ్డను చేత్తో కదిలించేటప్పుడు ఒక్కసారిగా ఒళ్లంతా ఆవిర్లు వచ్చి రక్తపోటు పడిపోవచ్చు. జబ్బు పేరు ముందే తెలిస్తే మత్తు డాక్టరుగారు సిద్ధంగా ఉంటారు, మేమూ మందు చేతికి అందేలా పెట్టుకుంటాము. తెలియకపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

హార్మోన్‌ను ఆపే దారి కూడా ప్రయోగశాలనుంచే వచ్చింది. 1973లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో రోజర్ గిల్లెమిన్ బృందం సొమాటోస్టాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నది. అది ఇతర హార్మోన్ల విడుదలకు కళ్లెం వేస్తుంది. 1977లో గిల్లెమిన్‌కు నోబెల్ బహుమానం వచ్చింది. అయితే రక్తంలో అది కొద్ది నిమిషాలే నిలుస్తుంది. దాన్ని పోలి, ఎక్కువసేపు నిలిచే ఆక్ట్రియోటైడ్ అనే మందును తరువాత తయారుచేశారు. ఈనాడు దాన్ని నాలుగు వారాలకు ఒకసారి పిరుదు కండరంలో వేసే ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. దానితో చాలామందికి ఆవిర్లు, విరేచనాలు తగ్గుతాయి. ఆ మందును ఫ్రిజ్‌లో ఉంచాలి. బస్సులో సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం ఎండలో తెచ్చిన ఇంజెక్షన్‌ను నమ్మలేము. ఐస్ పెట్టెలో తీసుకురండి.

మన హైదరాబాదుకూ ఈ కథతో ఒక దూరపు చుట్టరికం ఉంది. సెరటోనిన్ తయారయ్యేది అన్నంలోని ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకునుంచి. గడ్డ దాన్ని ఎక్కువగా వాడేసుకుంటే ఒంట్లో నియాసిన్ విటమిన్ తయారీకి మిగలదు. అప్పుడు ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు రాలే పెల్లాగ్రా వస్తుంది. అదే పెల్లాగ్రా ఒకప్పుడు జొన్నకూడు మీదే బతికే మన రైతుకూలీలలో వచ్చేది. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలనుంచి దాని మీద 1960లో ప్రకటించిన పరిశోధన ప్రపంచానికి తెలుసు. చర్మం మీద ఒకే మచ్చ కనబడినా, ఒకరికి కారణం తిండి, మరొకరికి గడ్డ. ఏదన్నది పరీక్ష చెప్పాలి.

పేరు తప్పితే అంతా తప్పే

ఇంతవరకు ప్రయోగశాలను పొగిడాము. అక్కడ కూడా తప్పులు జరుగుతాయి. కె.ఆర్.జె., ఎల్-ఎస్.టి.ఎస్., హెచ్-ఎస్.టి.ఎస్. అని పిలిచే మూడు రకాల కణాలను చిన్నపేగు గడ్డల కణాలని నమ్మి ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు 2018లో వాటిని పరీక్షించి చూస్తే, అవి గడ్డ కణాలే కావు, తెల్ల రక్తకణాల జాతివి అని తేలింది. బాన్ కణాలు న్యూరోఎండోక్రైన్ జాతివే గాని, ఎక్కువమంది రోగుల్లో మెల్లగా పెరిగే గడ్డలకన్నా అవి దూకుడైనవి. కనుక పళ్లెంలో జరిగిందంతా రోగిలో అలాగే జరుగుతుందని చెప్పలేము.

ఇంత పెద్దవారి దగ్గరే పేరు తప్పిందంటే మనలాంటివారం ఎంత జాగ్రత్తగా ఉండాలి! మా తప్పు కూడా ఒకటి చెబుతాము. చాలా ఏళ్ల క్రితం మేము పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒకే ట్రేలో రెండు సీసాలు పెట్టాము. ఒకదానిలో పిత్తాశయం, ఒకదానిలో అపెండిక్స్. పేర్లు మూతల మీద అంటించాము. సర్దేటప్పుడు మూతలు మారిపోయాయి. ల్యాబ్‌లోని డాక్టరుగారు చూసి ఫోన్ చేశారు గనుక బయటపడింది. రెండూ అపెండిక్స్‌లే అయి ఉంటే? ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆనాటినుంచి మా చేతికింద పనిచేసిన ఏ సిస్టర్‌నూ మూత మీద పేరు అంటించనివ్వలేదు. మార్కాపురం పలకల ఊరు. పలక మీద రాత తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, మళ్లీ రాసుకోవచ్చు. సీసా మీది పేరు తప్పితే మళ్లీ రాసుకోవడానికి ఉండదు.

మీరు చేయవలసినవి

ఆపరేషన్‌కు ముందే అడగండి: "తీసినదాన్ని పరీక్షకు పంపుతారా? రిపోర్టు ఎప్పుడు వస్తుంది?" అడగడం మీ హక్కు. దానికి మేము కోపగించము.

ముక్కను మీరే ఒంగోలుకో, గుంటూరుకో, కర్నూలుకో తీసుకుపోవలసి వస్తే, అది ఫార్మలిన్‌లో, ముక్కకు పది రెట్లు ద్రవం ఉండేలా, వెడల్పు మూతి సీసాలో ఉండాలి. సెలైన్‌లోగాని, స్పిరిట్‌లోగాని వేయకూడదు. సీసా ఒంటి మీద రోగి పేరు, వయసు, ఓపీ నంబరు, ఏ భాగమో, ఏ తేదీయో ఉన్నాయా అని మీ కళ్లతో చూసుకోండి. చదువురాకపోతే మా చేత చదివించుకోండి.

రిపోర్టు వచ్చిన తరువాత దాన్ని డాక్టరుగారికి చూపించకుండా బీరువాలో పెట్టవద్దు. ల్యాబ్‌వారు ముక్కను మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. పెద్ద ఆసుపత్రికి పోవలసి వస్తే ఆ దిమ్మను, గాజు స్లైడ్లను అడిగి తీసుకుపోవచ్చు. హైదరాబాదులోగాని వేలూరులోగాని డాక్టర్లు మొదట అడిగేది వాటినే.

డాక్టరుగారు 24 గంటల మూత్రం పట్టమంటే, మొదటి ఉదయం లేవగానే పోసిన మూత్రం వదిలేసి, ఆ తరువాతిది మొదలుకొని మరుసటి ఉదయం లేవగానే పోసేదానితో సహా అంతా డబ్బాలో పట్టాలి. డబ్బాలో ముందే ఆమ్లం పోసి ఉంటుంది, ఒలకబోయవద్దు, చేత్తో తాకవద్దు. పరీక్షకు మూడు రోజుల ముందునుంచి డబ్బా నిండేదాకా అరటిపండు, అనాసపండు, టమాటా, వంకాయ, అక్రోటు మానాలి. వాటిలో ఉన్న సెరటోనిన్ వల్ల లేని జబ్బు ఉన్నట్లు కనబడుతుంది. పత్యం చేయలేకపోతే నిజం చెప్పండి, మరో రోజు పెట్టుకుందాము. తిని తినలేదని చెబితే ఆ లెక్కకు విలువ ఉండదు.

రక్తంలో క్రోమోగ్రానిన్ పరీక్ష రాస్తే, మీరు వాడే గ్యాస్ మాత్రల సంగతి తప్పక చెప్పండి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి వాడేవారిలో ఆ లెక్క ఊరికే పెరుగుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలోనూ పెరుగుతుంది, మన ప్రాంతంలో ఆ జబ్బుతో బాధపడేవారు చాలామంది ఉన్నారు గదా. మాత్రలు ఎన్నాళ్లు ఆపాలో డాక్టరుగారే చెబుతారు. మీ అంతట మీరు ఆపవద్దు.

కొందరికి ఇంకొక అనుమానం ఉంది: "మా ముక్కను తీసుకుపోయి ఏదో పరిశోధన చేసుకుంటారేమో" అని. మీ జబ్బు తెలుసుకోవడానికి చేసే పరీక్ష వేరు, పరిశోధన వేరు. పరిశోధనకు కావాలంటే మీకు విషయం చెప్పి మీ అనుమతి తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమావళి చెబుతోంది. అడిగితే ఆలోచించి చెప్పండి. ఇష్టం లేకపోతే వద్దనవచ్చు, దానివల్ల మీ వైద్యం ఆగకూడదు. "ముక్క తీస్తే జబ్బు పాకుతుంది" అన్న భయంతో మాత్రం బయాప్సీ మానుకోవద్దు. జబ్బు పేరు తెలియకుండా రోజులు గడపడమే దానికన్నా పెద్ద ప్రమాదం.

బాన్ కణాలు ఇచ్చిన ఆ రోగి మనకు ముక్కూ ముఖం తెలియనివారు. ఆయన ఒంటినుంచి తీసిన ముక్కను ఎవరో ఒక సిస్టర్ సరైన సీసాలో వేసి ఉంటారు, ఎవరో ఒకరు పేరు సరిగా రాసి ఉంటారు. ఆ పని జరిగింది గనుకనే ఆ కణాలు ఇన్నేళ్లుగా ఇంతమందికి పాఠం చెప్పగలుగుతున్నాయి. మన థియేటర్‌లోనూ రోజూ జరగవలసింది ఆ పనే. డబ్బు సంగతి ఆసుపత్రి పెద్దలు ఆలోచించాలని కోరుతున్నాము. సీసా మీది పేరు సంగతి మేము చూసుకుంటాము. "పారేయండి" అన్న మాట మాత్రం ఇకమీదట మీనుంచి రాకూడదు.

మీ క్షేమం కోరే
నర్సింగ్ సూపరింటెండెంట్